‘ఇండ్లు’ అంటే తప్పేంటి? – భాషాశాస్త్రం మొదటి సెమిస్టరు మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో, ఎం.ఏ. లింగ్విస్టిక్స్ మొదటి సెమిస్టరులో ‘భాషాశాస్త్ర పరిచయం’ పేపరు ఎలా చెబుతానో రాశాను. హైదరాబాదులో ఇరవై ఆరేళ్ళుగా నేను చెబుతున్న పేపరు అది. దాని మీద వచ్చిన ఉత్తరాల్లోంచి కొన్నిటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. పేరు వేయొద్దని కొందరు అడిగారు, అందుకని అందరివీ ఊళ్ళే ఇస్తున్నాను.

మా అమ్మాయికి ఎం.ఏ. లింగ్విస్టిక్స్‌లో సీటు వచ్చింది. ‘ఎన్ని భాషలు నేర్పుతారట?’ అని చుట్టాలు అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియడం లేదు. అసలు అందులో ఏముంటుంది మేడమ్?
– ఒక తల్లి, సిద్దిపేట

అమ్మా, ఎన్ని భాషలు వచ్చు అనేది ఈ చదువుకు లెక్క కాదు. ఒక్క తెలుగు వచ్చినా చాలు. వచ్చిన ఆ భాష మన నోట్లో, మన బుర్రలో ఎలా నడుస్తోందో చూడటమే ఈ చదువు.

మొదటిరోజు నేను పుస్తకం తెరవను. బోర్డు మీద ‘టుమ్మి’ అని రాస్తాను. అలాంటి మాట తెలుగులో లేదు, అప్పటికప్పుడు కల్పించింది. “ఇది ఒక టుమ్మి. పక్కన ఇంకొకటి వచ్చింది. ఇప్పుడు ఇవి రెండు...” అని ఆగుతాను. క్లాసులో తెలుగు పిల్లలు దాదాపు అందరూ ‘టుమ్ములు’ అంటారు. ‘మి’ కాస్తా ‘ము’ ఎందుకయింది? ఎవరు నేర్పారు? అప్పుడు ఒకరి తరవాత ఒకరు అందుకుంటారు: కత్తి, కత్తులు. పిల్లి, పిల్లులు. పులి, పులులు. ‘మనిషి’ దగ్గరికి వచ్చేసరికి చివరి ఇకారమే కాదు, నడుమ ఉన్నది కూడా మారి ‘మనుషులు’ అయింది. ఈ సూత్రాన్ని బళ్ళో ఎవరూ వీళ్ళకు బట్టీ పట్టించలేదు. అయినా ఎన్నడూ వినని మాట మీద కూడా అది పనిచేసింది. 1958లో జీన్ బెర్కో అనే ఆవిడ అమెరికాలో చిన్నపిల్లలకు ‘వగ్’ అనే లేని పిట్ట బొమ్మ చూపించి ఇదే తీరులో బహువచనం అడిగింది. నేను చేసేది దానికి తెలుగు రూపం.

తరవాత గొంతు మీద చెయ్యి పెట్టుకుని ‘మ్మ్మ్’ అనమంటాను, ఆపైన ‘స్స్స్’ అనమంటాను. మొదటిదానికి గొంతు అదురుతుంది, రెండోదానికి అదరదు. ఇంత చిన్న సంగతి ఇరవై ఏళ్ళు వచ్చినా గమనించలేదే అని పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. ఇరవై ఆరేళ్ళయినా ఆ గంట కోసం నేను ఎదురుచూస్తూనే ఉంటాను.

మీ అమ్మాయి ఈ సెమిస్టరులో ముందు ధ్వనులు చదువుతుంది. తరవాత మాటలు ఎలా కూడుకుంటాయి, వాక్యం ఎలా అల్లుకుంటుంది, అర్థం ఎక్కడ ఉంటుంది అని ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. చివర్లో భాషలు కాలంతో ఎలా మారతాయో, ఊరిని బట్టి, కులాన్ని బట్టి, చదువును బట్టి మాట ఎలా మారుతుందో వస్తుంది. చుట్టాలు మళ్ళీ అడిగితే ‘టుమ్మి’ ప్రశ్న వాళ్ళనే అడిగి చూడండి.

నేను మొదటి సెమిస్టరు. వచ్చే వారం ఇంటర్నల్స్. ఫోనీమ్, అల్లోఫోన్ ఎంత చదివినా తలకెక్కడం లేదు. నిర్వచనం రాయగలను కానీ అర్థం కాలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.
– విద్యార్థి, గుంటూరు

బాబూ, నిర్వచనం పక్కన పెట్టు. ‘చలి’ అని పైకి అను. ఇప్పుడు ‘చిలక’ అను. మళ్ళీ మళ్ళీ అను, నాలుక ఎక్కడ తగులుతోందో చూసుకో. ‘చలి’లో నాలుక కొస పళ్ళ వెనక తగులుతుంది. ‘చిలక’లో నాలుక వీపు పైకి లేచి అంగిలికి తగులుతుంది. ఇవి రెండు వేర్వేరు ధ్వనులు. కానీ మనకు అక్షరం ఒకటే, మన చెవికీ ఒకటే ‘చ’.

ఇప్పుడు జాబితా రాసుకో. చాప, చుక్క, చూడు, చొరవ ఒక పక్కన. చీమ, చెట్టు, చేప, చినుకు ఇంకో పక్కన. పక్కనున్న అచ్చు చూడు. ఇ, ఈ, ఎ, ఏ ఉన్నచోట ఒక రకం, మిగతాచోట్ల ఇంకో రకం. ఒకటి ఉండే చోట రెండోది ఉండదు. అంటే ఇవి ఒకే మనిషి ఇంట్లో ఒక చొక్కా, ఆఫీసుకు ఒక చొక్కా వేసుకున్నట్టు. ఆ మనిషి ఫోనీమ్, ఆ చొక్కాలు అల్లోఫోన్లు.

ఈ సంగతి చిన్నయసూరి బాలవ్యాకరణంలో 19వ శతాబ్దం మధ్యలోనే ఉంది. దంత్యమైన (పళ్ళ దగ్గర పలికే) చ, తాలవ్యమైన (అంగిలి దగ్గర పలికే) చ ఒకదానికొకటి సవర్ణాలని, అంటే ఒకే జాతివని, ఇ, ఈ, ఎ, ఏ లతో కూడినవి తాలవ్యాలని ఆయన చెప్పాడు. ఫోనీమ్ సిద్ధాంతం పాఠ్యపుస్తకాల్లోకి రావడానికి ఎంతో ముందు మాట అది. పరీక్షలో ఈ ఉదాహరణ రాస్తే చదివేవాళ్ళకు నువ్వు నిజంగా అర్థం చేసుకున్నావని తెలుస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్నీ వదలకు. ‘చరిత్ర’, ‘చక్రం’ అను. అకారం పక్కనే ఉన్నా నాలుక అంగిలికే వెళ్ళింది. ఎందుకంటే అవి సంస్కృతం నుంచి వచ్చినవి. అలాగే ‘జాడ’ ఒక రకం, ‘జాతి’ ఇంకో రకం. అరువు మాటలు వచ్చి చేరాక పాత అచ్చతెలుగు సూత్రం ఒక్కటే సరిపోలేదు. అందుకే సి.పి. బ్రౌన్ తన నిఘంటువులో దంత్య చకారానికి పైన గుర్తు పెట్టి ‘ౘ’ అని అచ్చువేశాడు.

మీ పుస్తకంలో ఇంగ్లిష్ ఉదాహరణ ఉండే ఉంటుంది: ‘పిన్’లో పకారానికి గాలి ఒత్తు వస్తుంది, ‘స్పిన్’లో రాదు. నోటి ముందు పల్చటి కాగితం పట్టుకుని ఇంగ్లిష్‌వాళ్ళు ‘పిన్’ అంటే కాగితం ఎగురుతుంది. వాళ్ళకు ఆ తేడా లెక్కలోకి రాదు. హిందీలో అదే తేడాతో మాటే మారిపోతుంది: ‘పల్’ అంటే క్షణం, ‘ఫల్’ అంటే పండు. ఒక భాషలో చొక్కా మార్పు, ఇంకో భాషలో మనిషే మార్పు. ముందు ‘చ’ పట్టుకో, ఇది దానంతట అదే అందుతుంది. రాత్రంతా మేలుకుని చదవకు.

మా మనవడు నాలుగో తరగతి. ‘ఇండ్లు, కండ్లు’ అని రాస్తే టీచరు ఎర్ర సిరాతో కొట్టేసి ‘ఇళ్ళు, కళ్ళు’ అని దిద్దింది. మేం తరతరాలుగా అనేది తప్పా? మీ శాస్త్రం ఏమంటుంది?
– రిటైర్డ్ ఉద్యోగి, జగిత్యాల

పెద్దాయనా, తప్పు కాదు. ఇది ఊరడించడానికి చెప్పే మాట కాదు, లెక్క చూపిస్తాను.

మూడు మాటలు తీసుకుందాం: ఇల్లు, కన్ను, పన్ను. వీటికి విభక్తి తగిలితే ఏమవుతాయి? ఇంటికి, కంటికి, పంటికి. కోస్తావాళ్ళయినా ‘ఇంట్లో’ అంటారు, ‘కంట్లో నలక పడింది’ అంటారు, ‘పంటి నొప్పి’ అంటారు. ఆ సున్నా, ఆ టకారం ఎక్కడి నుంచి వచ్చాయి? ‘ఇళ్ళు, కళ్ళు, పళ్ళు’ చూస్తే వాటి జాడే లేదు. ‘ఇండ్లు, కండ్లు, పండ్లు’ చూస్తే ఉంది: సున్నా ఉంది, దాని పక్కన టకారానికి దగ్గరి చుట్టం డకారం ఉంది. మీ ఇంట్లో మీరు పలికే ఈ రూపమే పాతది. పాత కావ్యాల్లోనూ ఇండ్లు, పండ్లు కనిపిస్తాయి. కోస్తాలో ఆ ‘ండ్ల’ అరిగి ‘ళ్ళ’ అయింది. అరగడం కూడా తప్పు కాదు, భాష అలాగే నడుస్తుంది. కానీ అరిగినదాన్ని ఒప్పు అని, అరగనిదాన్ని తప్పు అని ఎర్ర సిరాతో దిద్దడం మాత్రం నాకు బాధగా ఉంది.

‘ఊరు’ కూడా అంతే. మీవైపు ఊర్లు, మావైపు ఊళ్ళు. గోరు, గోళ్ళు. నోరు, నోళ్ళు. కానీ ‘పేరు’ మాత్రం మావైపు కూడా ‘పేర్లు’గానే ఉండిపోయింది. ‘కారు’ వచ్చింది, దాన్ని ఎవరూ ‘కాళ్ళు’ అనలేదు, కార్లు అనే అన్నారు. డాక్టర్లు, డాలర్లు. ఇలాంటివి నా క్లాసులో ఒక వారం పాటు చర్చకు వస్తాయి, నిజామాబాదు పిల్లలూ నెల్లూరు పిల్లలూ పోటీపడి ఉదాహరణలు తెస్తారు.

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నిలబెట్టినవారు. ఆయన పర్యవేక్షణలో రైతుల దగ్గరికి వెళ్ళి వాళ్ళ నోటి మాటలు సేకరించి, 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం వేశారు. ఆ పని నుంచే తెలుగు మాండలికాలకు నాలుగు మండలాలు గుర్తించారు: ఉత్తరం అంటే తెలంగాణ, దక్షిణం అంటే రాయలసీమ, నెల్లూరు, ప్రకాశం వైపు, తూర్పు అంటే శ్రీకాకుళం, విశాఖ, మధ్య అంటే గోదావరి జిల్లాలు, కృష్ణ, గుంటూరు. బడి పుస్తకాల తెలుగుకు ఆ నడిమి మండలం ఆధారమయింది. అక్కడి చదువూ, అచ్చు యంత్రాలూ, పత్రికలూ అందుకు కారణం. మిగతా మూడు మండలాల మాటల్లో లోపం ఉండి కాదు.

నాది తూర్పు మండలం, శ్రీకాకుళం. హైదరాబాదుకు చదువుకు వచ్చినప్పుడు హాస్టల్లో నేను ‘ఏటి?’ అంటే గది గదంతా నవ్వేది. రెండు నెలలు దాదాపు మాట్లాడటం మానేశాను. ఆ ఏడాది భాషాశాస్త్రం క్లాసులో ఒకరోజు మా సారు “‘ఏమిటి’ని మీ ఇంట్లో ఏమంటారు?” అని ఒక్కొక్కరినీ అడిగి బోర్డు మీద రాశారు: ఏమిటి, ఏంటి, ఏంది. నా వంతు వచ్చింది. గొంతు పెగల్చుకుని ‘ఏటి’ అన్నాను. ఆయన నవ్వలేదు. సుద్దముక్కతో అదే వరసలో, అంతే పెద్ద అక్షరాలతో ‘ఏటి’ అని రాసి, “ఇందులో ఏ ధ్వని పోయింది, ఏ ధ్వని మిగిలింది, చెప్పండి” అన్నారు. మా అమ్మమ్మ మాట నల్లబల్ల మీద చూడటం అదే మొదలు. నేను ఈ దారిలోకి వచ్చింది ఆ రోజునే.

మీ మనవడి టీచరుతో గొడవ వద్దు. పిల్లవాడిని ‘ఇండ్లు, ఇంటికి’ అని పక్కపక్కన రాయమని, ఆ కాగితం టీచరుకు చూపించమనండి. రెండు రూపాలూ తెలిసి ఉండటం వాడికి లాభమే.

‘రాముడు వచ్చాడు’, ‘సీత వచ్చింది’, ‘ఆవు వచ్చింది’. ఆడదాన్నీ ఆవునూ ఒకే గాటన కట్టిన భాష మనది. క్లాసులో ఇది చెప్పినప్పుడు మీకు కోపం రాదా?
– గృహిణి, రాజమండ్రి

మీ ప్రశ్న ఏటా ఎవరో ఒక అమ్మాయి అడుగుతుంది, అడగాలి కూడా. తమిళంలో అవన్, అవళ్, అదు అని మూడు. కన్నడంలోనూ మూడే. మనకు ఏకవచనంలో రెండే: మగవాళ్ళు ఒక పక్క, మిగతావన్నీ ఒక పక్క. ‘ఆమె’, ‘ఆవిడ’ అని మర్యాద మాటలు చేర్చుకున్నాం కానీ క్రియ ‘వచ్చింది’ దగ్గరే ఉండిపోయింది. అయితే బహువచనానికి రండి. ‘ఆడవాళ్ళు వచ్చారు’, ‘ఆవులు వచ్చాయి’. ఇక్కడ స్త్రీలు మనుషుల వైపే ఉన్నారు. లెక్కపెట్టినా అంతే: ముగ్గురు అక్కలు, మూడు ఆవులు. ఏకవచనంలో ఒక విభజన, బహువచనంలో ఇంకో విభజన, రెండూ ఒకే భాషలో! మన చుట్టాలైన గోండి, కొలామీ భాషల్లో బహువచనంలో కూడా స్త్రీలు రెండో పక్కనే ఉంటారు. మనం ఆ మేరకు వేరే దారి పట్టాం.

వ్యాకరణంలోని లింగం విలువ కట్టడం కాదు. జర్మన్‌లో ‘అమ్మాయి’ అనే మాట నపుంసకలింగం, దాని చివరున్న ‘చిన్న’ అనే ప్రత్యయం వల్ల. అక్కడ అమ్మాయిలు తక్కువని దానర్థం కాదు. కానీ ఒక మనిషి భార్య గురించి పదిమందిలో ‘అది చెప్పిందిలే’ అన్నప్పుడు నాకు కోపం వస్తుంది. అక్కడ ‘ఆవిడ’ అనే వీలు భాషలో ఉంది, ఆయన వాడలేదు. భాష ఇచ్చిన వీలేది, మనిషి ఎంచుకున్నదేది అని విడదీసి చూడటం ఈ కోర్సులోనే అలవాటవుతుంది.

సంస్కృతం అన్ని భాషలకూ తల్లి అని మా గురువుగారు చెప్పారు. మీరు పోయిన సంచికలో తెలుగు ద్రావిడ భాష అన్నారు. ఆధారం ఏమిటి?
– పాఠకుడు, హిందూపురం

ఆధారం మీ ఊరి బస్టాండులోనే ఉంది. బెంగళూరు బస్సు దిగినవాళ్ళ మాట వినండి. మన పాలు వాళ్ళకు హాలు, పులి హులి, పండు హణ్ణు, పది హత్తు. మాట మొదట్లో మన పకారం ఉన్నచోట వాళ్ళకు హకారం. ఇది ఏదో ఒక మాటకు కుదిరిన పోలిక కాదు, వరసగా వస్తోంది. ఇంకోటి: వాళ్ళ ‘కివి’ మనకు ‘చెవి’, వాళ్ళ ‘కెరె’ మనకు ‘చెరువు’. అదే కణ్ణు, కాలు మాత్రం మనకూ కకారంతోనే ఉన్నాయి, కన్ను, కాలు. తేడా ఎక్కడొచ్చిందో మీరే చూడండి: పక్కన ఇ, ఎ ఉన్నచోట మన కకారం చకారమయింది, అకారం ఉన్నచోట కాలేదు. మాట మాటకూ కాక, ఇలా ధ్వని ధ్వనికీ లెక్క కుదిరితేనే చుట్టరికం అంటాం.

1816లో అప్పటి మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఈ చుట్టరికాన్ని నిరూపించాడు. అది కూడా కాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటలో. అంటే ద్రావిడ కుటుంబం సంగతి మొదట తెలుగు గురించిన పుస్తకంలోనే అచ్చయింది. ద్రావిడ భాషలను పోల్చి కాల్డ్‌వెల్ రాసిన పేరున్న గ్రంథం వచ్చింది 1856లో, నలభై ఏళ్ళ తరవాత. సూర్యుడు, పుస్తకం, విద్య లాంటి వేల మాటలు మనకు సంస్కృతం నుంచే వచ్చాయి, ఆ అప్పు పెద్దది. కానీ కన్ను, చెవి, రెండు, మూడు, వచ్చాను, పోయాడు – ఇవి మన పుట్టింటివి. పాణిని గొప్పతనం దీనితో తగ్గదు, మా మొదటి సెమిస్టరులో ఆయనకు రెండు వారాలు ఇస్తాం.

ఉద్యోగాలు ఉంటాయా?
– డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

ఉంటాయి, కానీ ఎం.ఏ.తోనే వెంటనే వస్తుందని చెప్పను. అనువాద, స్వర సాంకేతికత చేసే కంపెనీలు తెలుగు డేటా మీద పనిచేయడానికి భాషాశాస్త్రం వచ్చినవాళ్ళను తీసుకుంటున్నాయి. అందుకు కాస్త ప్రోగ్రామింగ్ నేర్చుకో. హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతికత మీద ప్రత్యేకంగా పరిశోధన కేంద్రమే ఉంది. మైసూరులో భారతీయ భాషా సంస్థ ఉంది. అధ్యాపక ఉద్యోగానికి నెట్ లాంటి అర్హత పరీక్ష గాని, పీహెచ్.డీ. గాని ఉండాలి. స్పీచ్ థెరపీ వేరే డిగ్రీ, ఆ రెండిటినీ కలపకు.

మాది ఆదిలాబాద్ జిల్లా. ఇంట్లో కొలామీ మాట్లాడతాం. ఇప్పుడు మొదటి సెమిస్టరు చదువుతున్నాను. ‘మీ మాతృభాష మీద అసైన్‌మెంటు రాయండి’ అన్నారు. అందరూ తెలుగు రాస్తున్నారు. నేనూ తెలుగే అని రాసేద్దామనుకుంటున్నాను. మా భాషకు పుస్తకాలు కూడా లేవు కదా.
– విద్యార్థి

నాయనా, రాసేయకు. ముందుగా, పుస్తకం ఉంది. మర్రే ఎమెనో అనే పెద్ద పండితుడు మీ భాష మీద పుస్తకం వేశారు, 1955లో, కాలిఫోర్నియా నుంచి. మీ లైబ్రరీలో అడుగు. ఆయన వాడింది మహారాష్ట్రలో వార్ధా వైపు కొలామీ. మీ ఇంటి కొలామీకీ దానికీ ఎక్కడ తేడా ఉందో నీ క్లాసులో నువ్వొక్కడివే చెప్పగలవు.

మావైపు గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. దానికి అప్పటికి పుస్తకం లేదు, బడి లేదు. ఆ భాష మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని, విని, రాసుకుని, ఏళ్ళ తరబడి పనిచేశారు. 1931లో ఆయన సవర వ్యాకరణం వచ్చింది. ఆయనకు ఆ భాష బయటిది. నీకు ఆ ఇబ్బంది లేదు, మీ అవ్వ ఇంట్లోనే ఉంది.

పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడు ఫోనులో రికార్డు చెయ్యి. ముందు అవ్వకు ఎందుకో చెప్పి, ఒప్పుకుంటేనే. పెద్ద కథలు మొదటిరోజే అడగకు. మూడే వాక్యాలు అడుగు: ‘ఇద్దరు మగవాళ్ళు వచ్చారు’, ‘ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు’, ‘రెండు ఆవులు వచ్చాయి’. ప్రతిదాన్నీ మూడుసార్లు అనమను. క్రియ చివర ఏం వినిపిస్తోందో చూడు. దానికంటే ముందు ‘రెండు’ అనే మాటను విను, మూడు వాక్యాల్లోనూ అది ఒకేలా ఉందా? తెలుగులో ‘ఇద్దరు’, ‘రెండు’ అని రెండు రూపాలే ఉన్నాయి. మీ అవ్వ నోట ఎన్ని వినిపిస్తాయో నేను ముందే చెప్పను. వినిపించింది వినిపించినట్టు తెలుగు లిపిలోనే రాసి, పత్రిక చిరునామాకు నా పేరున పంపు. వచ్చే సంచికలో నీ కాగితం ముందు పెట్టుకుని జవాబు రాస్తాను.